‘చావని మొక్క’ ఎందుకు చస్తుంది? కానుకగా ఇచ్చే ఇండోర్ మొక్కల వెనక లెక్క

క్లుప్తంగా: కానుకగా అందిన ఇండోర్ మొక్కలు చాలావరకు ఎండిపోయి కాదు, కుళ్లిపోయి పోతాయి. ‘పెంచడం తేలిక’ అన్నది మొక్కకు ఉండే గుణం మాత్రమే కాదు. ఆ ఇంటి వెలుతురు, ఆ ఇంటివాళ్ల అలవాటు, కుండీ అడుగున రంధ్రం ఉండటం, ఈ మూడూ కలిస్తేనే ఆ మాట నిజమవుతుంది. గాలిని శుభ్రం చేస్తుందనీ, రాత్రిళ్లు ఆక్సిజన్ ఇస్తుందనీ చెప్పి అమ్మే మాటలను చూసి ఎంచుకుంటే అసలు చూడాల్సినవి పక్కకు పోతాయి.

గృహప్రవేశానికి గోడ గడియారమో, స్టీలు సామానో, వెంకటేశ్వరస్వామి పటమో పట్టుకెళ్లే అలవాటు ఇంకా పోలేదు. కాకపోతే ఆ వరుసలోకి ఇప్పుడు తెల్లటి సిరామిక్ కుండీలో ఒక చిన్న మొక్క కూడా వచ్చి చేరింది. ఆఫీసులో ప్రమోషన్ వచ్చినా, బారసాలకు రిటర్న్ గిఫ్ట్ ఇవ్వాలన్నా, కొత్త అధికారిని మర్యాదపూర్వకంగా కలవాలన్నా బొకే బదులు మొక్క ఇవ్వడం మామూలైంది. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం, 2018లో మొదలైన గ్రీన్ ఇండియా ఛాలెంజ్ లాంటివి ‘మొక్క ఇవ్వడం మంచి పని’ అన్న భావాన్ని జనంలోకి తీసుకెళ్లాయి. అయితే అవి నేలలో నాటే మొక్కల గురించి. హాల్లో టీవీ పక్కన పెట్టే మొక్క లెక్క పూర్తిగా వేరు.

బొకే రెండు రోజుల్లో వాడిపోతుందని ఇచ్చేవాళ్లకీ తెలుసు, తీసుకునేవాళ్లకీ తెలుసు. అది పోతే ఎవరి తప్పూ కాదు. మొక్క అలా కాదు. అది ఒక వస్తువుతో పాటు ఒక పనిని కూడా అప్పగించడం. రెండు నెలల తర్వాత అది వాడిపోతే తీసుకున్నవాళ్లకు మొహమాటం, ఇచ్చినవాళ్లు ఇంటికొస్తున్నారంటే టెన్షన్. అందుకే ‘చావని మొక్క ఏదైనా ఉంటే చెప్పండి’ అని నర్సరీలో అడిగేవాళ్లు ఎక్కువ. ఆ ప్రశ్నకు వచ్చే జవాబులు కూడా దాదాపు ఎప్పుడూ ఒకటే: మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, జెడ్‌జెడ్ ప్లాంట్. జవాబులో తప్పు లేదు, కానీ సగమే.

నిర్లక్ష్యం కాదు, శ్రద్ధే ఎక్కువ

ఇండోర్ మొక్కలుగా అమ్ముడయ్యేవాటిలో ‘తేలిక’ అని పేరు పడ్డవి చాలావరకు కరువును తట్టుకునేవి. జెడ్‌జెడ్ ప్లాంట్ సొంత ఊరు తూర్పు ఆఫ్రికా, కెన్యా నుంచి దక్షిణాఫ్రికా దాకా. అక్కడ వానలు లేని నెలలను దాటడానికి అది మట్టిలో బంగాళాదుంపలాంటి దుంపలు పెంచుకుంది. ఆకులు, కాడలు కూడా నీటి సంచుల్లాంటివే, వాటి బరువులో తొంభై శాతానికి పైగా నీరే. స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది, దళసరి ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది. కలబంద సంగతి అందరికీ తెలిసిందే.

ఈ మొక్కలు నీళ్లు లేకుండా బతకడానికి తయారైనవి. నీళ్లలో బతకడానికి కాదు. కానీ కానుకగా వచ్చిన మొక్కను ఇంటివాళ్లు చూసే తీరు వేరు. కొత్తగా వచ్చింది, బంధువులు ప్రేమగా ఇచ్చారు. పొద్దున్నే తులసికోటలో నీళ్లు పోసి, ఆ చెంబులో మిగిలినవి దీనికీ పోస్తారు. తులసి ఎండలో ఉంటుంది, పోసిన నీళ్లు సాయంత్రానికి ఆవిరైపోతాయి. హాల్లో ఫ్యాన్ కింద, నీడలో ఉన్న స్నేక్ ప్లాంట్ మట్టి అలాగే వారం దాటినా తడిగా ఉంటుంది. మర్నాడు మళ్లీ అరచెంబు.

వేర్లకు నీళ్లతో పాటు గాలి కూడా కావాలి. మట్టి రేణువుల మధ్య ఉండే సందుల్లోని గాలి నుంచి అవి ఆక్సిజన్ తీసుకుంటాయి. ఆ సందులు నీటితో నిండిపోతే ఆక్సిజన్ నీటి గుండానే రావాలి, గాలిలో కంటే నీటిలో అది సుమారు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వేర్లకు ఊపిరాడదు. చచ్చిన వేరు మీద పిథియం, ఫైటాఫ్తొరా లాంటి తెగుళ్ల సూక్ష్మజీవులు చేరి కుళ్లును పైకి పాకిస్తాయి.

అసలు చిక్కు ఇక్కడుంది. వేర్లు కుళ్లిన మొక్క నీళ్లను పీల్చుకోలేదు, కాబట్టి దాని ఆకులు దాహం వేసిన మొక్క ఆకుల్లాగే వాలిపోతాయి. చూసినవాళ్లకు ‘పాపం, నీళ్లు చాలట్లేదు’ అనిపిస్తుంది, ఇంకో చెంబు పోస్తారు. వేలు మట్టిలో రెండు అంగుళాలు దించి చూస్తే తేడా తెలిసిపోతుంది: తడి తగిలి, ఆకులు మాత్రం వాలి ఉంటే అది దాహం కాదు.

కుండీ అడుగున ఏం జరుగుతుంది?

మొక్క పేరు కంటే కుండీ ముఖ్యం అంటే చాలామందికి వింతగా అనిపించవచ్చు. కానీ గిఫ్ట్ మొక్కల విషయంలో ఎక్కువ తగాదా అక్కడే.

గిఫ్ట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరికే అందమైన సిరామిక్, గాజు, మెటల్ కుండీల్లో చాలావాటికి అడుగున రంధ్రం ఉండదు. కారణం సులువుగా ఊహించవచ్చు: టేబుల్ మీద మరక పడకూడదు, ప్యాకింగ్ తడవకూడదు. రంధ్రం లేని కుండీలో పోసిన నీటికి రెండే దారులు, మొక్క తాగడం లేదా పైనుంచి ఆవిరి కావడం. ఏసీ గదిలో, నీడలో ఈ రెండూ మెల్లగానే సాగుతాయి.

‘అడుగున గులకరాళ్లు వేశాం కదా, నీళ్లు అందులోకి దిగిపోతాయి’ అన్నది బాగా పాతుకుపోయిన నమ్మకం. ఇది ఎందుకు పనిచేయదో దండెం మీద ఆరేసిన చీర చూస్తే అర్థమవుతుంది. పైభాగం గంటలో ఆరిపోతుంది, కింది అంచు మాత్రం చాలాసేపు తడిగానే ఉంటుంది. నీరు కిందికి జారుతుంది గానీ చివరి అంచు దగ్గర బట్ట పోగులు దాన్ని పట్టి ఉంచుతాయి. మట్టి కూడా అంతే. సన్నని రేణువుల మట్టి తన అడుగు పొరలో నీటిని బిగించి పట్టుకుంటుంది, పూర్తిగా నిండి పొంగితే తప్ప కిందున్న పెద్ద సందుల రాళ్లలోకి వదలదు. అంటే రాళ్లు వేసినప్పుడు ఆ తడి పొర పోదు, రెండు అంగుళాలు పైకి, సరిగ్గా వేర్లు ఉన్న చోటికి జరుగుతుంది. కుండీ ఎంత పొట్టిగా ఉంటే ఈ తడి పొర వాటా అంత ఎక్కువ. టేబుల్ మీద పెట్టడానికి ముచ్చటగా ఉండే అరచేతి సైజు కుండీలకు ఇదే పెద్ద ఇబ్బంది.

దీనికి పరిష్కారం చాలా మామూలుది. మొక్కను రంధ్రాలున్న చవక ప్లాస్టిక్ కుండీలోనే ఉంచి, దాన్ని అందమైన కుండీ లోపల పెట్టి ఇవ్వడం. నీళ్లు పోసేటప్పుడు లోపలిది బయటికి తీసి, సింకు దగ్గర పోసి, కారడం ఆగాక తిరిగి పెడతారు. అందం ఎక్కడికీ పోదు.

ఇక మట్టి. తెలుగు నేల మీద నర్సరీ అనగానే గుర్తొచ్చేది కడియం. తూర్పు గోదావరి జిల్లాలో కడియపులంక, బుర్రిలంక, పొట్టిలంక, వేమగిరి వరకు జాతీయ రహదారి వెంట పరుచుకున్న ఆ తోటల నుంచి దేశం నలుమూలలకూ మొక్కలు లారీల్లో వెళ్తాయి. నేల మీద, తోటలో నాటబోయే మొక్క నల్ల కవరులో గట్టి మట్టి ముద్దతో రావడం మంచిదే. ప్రయాణంలో ముద్ద విడిపోదు, వేరు కదలదు. అదే మట్టి ముద్ద ఇంట్లో చిన్న కుండీలోకి వెళ్తే మాత్రం బరువెక్కుతుంది, ఎండితే ఇటుకలా బిగుస్తుంది, తడిస్తే బురదవుతుంది. దీనికి పూర్తి వ్యతిరేకం కొబ్బరి పీచు పొట్టులో, అంటే కోకోపీట్‌లో పెంచిన మొక్కలు. తేలికగా ఉంటాయి, మోసుకెళ్లడానికి హాయి. కానీ కోకోపీట్ నీటిని బాగా పట్టి ఉంచుతుంది, పైపొర ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. దుంప మొక్కలకూ, దళసరి ఆకు మొక్కలకూ అందులో ముతక ఇసుకో, ఇటుక ముక్కల పొడో, పెర్లైట్ అనే తేలికపాటి తెల్లటి గుళికలో కలిపితేనే ఊపిరాడుతుంది.

కంటికి తెలియని చీకటి

‘మా హాల్లో వెలుతురు బాగానే ఉంటుంది’ అని అందరూ అంటారు. అబద్ధం కాదు. మనిషి కన్ను తక్కువ వెలుతురుకు ఇట్టే సర్దుకుంటుంది, అందుకే తేడా తెలియదు. మొక్కకు అలాంటి సౌకర్యం లేదు. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుతురు సుమారు 1,00,000 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం). కిటికీ పక్కన అది కొన్ని వేలకు పడిపోతుంది. ట్యూబ్‌లైట్ వెలిగే గది మధ్యలో, సోఫా పక్కన, ఒకటి రెండు వందల లక్స్‌ ఉంటే గొప్ప. ‘నీడలో పెరుగుతాయి’ అని అమ్మే మొక్కలకు కూడా సుమారు 300 నుంచి 1,000 లక్స్ అవసరం.

దీనికి తోడు అపార్ట్‌మెంట్ల వరస. ఎదుటి బ్లాకు నాలుగు అడుగుల దూరంలో, కిటికీకి గ్రిల్, దానికి దోమతెర, దాని మీద కర్టెన్. ఒక్కో పొరా కొంత వెలుతురు మింగేస్తుంది. ఫోన్‌లో ఉచితంగా దొరికే లైట్ మీటర్ యాప్ పక్కా కొలత ఇవ్వకపోయినా, కిటికీ పక్కకూ పుస్తకాల అరకూ మధ్య ఉన్న తేడాను చూపించడానికి చాలు. ఆ అంకెలు చూసినవాళ్లు మొక్క చోటు మారుస్తారు.

తినే తిండి కంటే ఖర్చయ్యే శక్తి ఎక్కువైతే మనిషి చిక్కిపోయినట్టే, ఆకులో తయారయ్యే చక్కెర కంటే మొక్క వాడుకునేది ఎక్కువైతే అది నిల్వల మీద బతుకుతుంది. జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్‌లకు నిల్వలు ఎక్కువ కాబట్టి చీకటి మూలలో కూడా ఆరు నెలలు, ఏడాది పచ్చగానే కనబడతాయి. అది పెరుగుదల కాదు, నెమ్మదిగా కరిగిపోతున్న పొదుపు. ‘చీకట్లో కూడా పెరిగే మొక్క’ అన్న పేరు దీనివల్లే వచ్చింది. కిటికీకి రెండు మూడు అడుగుల్లో పెట్టినప్పుడు ఇదే మొక్క కొత్త పిలకలు వేస్తుంది.

నర్సరీలో గ్రీన్‌నెట్ కింద హాయిగా పెరిగిన మొక్క గదిలోకి రాగానే నాలుగు ఆకులు పసుపెక్కి రాలడం కూడా ఈ మార్పు వల్లే. తక్కువ వెలుతురులో అన్ని ఆకులను పోషించలేక మొక్క పాతవాటిని వదిలించుకుంటుంది. కొనగానే ఇచ్చేయకుండా రెండు వారాలు సొంత ఇంట్లో ఉంచుకుని ఇస్తే ఈ ఆకుల రాలుడు మన ఇంట్లోనే అయిపోతుంది. పిండినల్లి ఉంటే అదీ బయటపడుతుంది. ఆకూ కాడా కలిసే చోట దూదిలాంటి తెల్లటి ముద్దలు కనిపిస్తే ఆ మొక్కను ఇంకొకరింటికి పంపకూడదు, వాళ్ల మొక్కలన్నిటికీ అంటుకుంటుంది.

ఏ ఇంటికి ఏది?

పైన చెప్పినవన్నీ కలిపి చూస్తే ‘ఏ మొక్క మంచిది’ కంటే ‘ఆ ఇంటివాళ్లు ఎటువైపు తప్పు చేస్తారు’ అన్నది ఉపయోగపడే ప్రశ్న.

నెలలో పది రోజులు ఊళ్లు తిరిగే ఉద్యోగికి, హాస్టల్‌లో ఉండే కుర్రాడికి, ఇంటి తాళం వేసి పండగకు ఊరెళ్లే దంపతులకు జెడ్‌జెడ్, స్నేక్ ప్లాంట్ నిజంగానే సరిపోతాయి. మరిచిపోవడం వీటికి మేలే. అదే రిటైరై ఇంట్లో ఉంటూ రోజూ మొక్కలకు నీళ్లు పోయకపోతే తోచని పెద్దాయనకు జెడ్‌జెడ్ ఇవ్వడం పొరపాటు. ఆయనకు పీస్ లిల్లీ నప్పుతుంది. తడిని బాగా కోరుకునే మొక్క, దాహం వేస్తే ఆకులన్నీ ఒక్కసారిగా వేలాడేసి అడుగుతుంది, నీళ్లు పోసిన కొద్ది గంటల్లో లేచి నిలబడుతుంది. పలకరిస్తే పలికే మొక్క అన్నమాట. చేతికి పని కావాలనుకునేవాళ్లకు అదే ఆనందం.

మనీ ప్లాంట్‌ది రెండింటి మధ్య చోటు. పసిఫిక్ సముద్రంలో ఫ్రెంచ్ పాలినేషియాకు చెందిన మొరేయా దీవి నుంచి బయల్దేరి ఇంటింటికీ చేరింది. పెంపకంలో ఇది దాదాపు ఎప్పుడూ పూయదు, కాబట్టి గింజ అనే మాట లేదు. కణుపు దగ్గర తుంచి నీళ్లలో పెడితే వేరొస్తుంది. ‘దొంగిలించి తెచ్చిన మనీ ప్లాంటే అచ్చొస్తుంది’ అన్న నమ్మకం ఇంతకాలం నిలబడిందంటే ఈ కణుపు చలవే. అంత సులువుగా వేరు పట్టని మొక్క అయితే దొంగతనం ఎప్పుడో మానేసేవాళ్లు.

స్పైడర్ ప్లాంట్‌కు కిటికీ వెలుతురు కావాలి, కానీ పిల్లలు, పిల్లులు ఉన్న ఇంటికి అది నిశ్చింత. దీని బలహీనత నీటి నాణ్యత. ఫ్లోరైడ్, ఉప్పులు ఎక్కువున్న నీటికి దాని ఆకు కొనలు గోధుమ రంగుకు తిరిగి ఎండిపోతాయి. లక్కీ బాంబూ, డ్రసీనాలదీ అదే తీరు. బోరు నీళ్లు వాడే ఇళ్లలో బకెట్ మీద తెల్లటి చార కట్టిస్తున్న ఆ ఉప్పులే కుండీ మట్టిలోనూ పేరుకుంటాయి. నల్గొండ వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ కథ తెలిసినదే, అలాంటి చోట బోరు నీటితో స్పైడర్ ప్లాంట్ అందంగా ఉండటం కష్టం. ఆర్వో యంత్రం వదిలేసే నీటిని వృథా చేయకూడదని కుండీల్లో పోసేవాళ్లు కూడా ఉన్నారు. ఆ నీళ్లలో ఉప్పు ఇంకా చిక్కబడి ఉంటుంది. గచ్చు కడగడానికి వాడటం మేలు. వాననీళ్లు పట్టి పోస్తే ఈ మొక్కలకు పండగే.

అగ్లోనిమా ఎర్రటి, గులాబీ ఆకులతో కానుకగా చూడముచ్చటగా ఉంటుంది. వేడి, ఉక్కపోత దానికి అలవాటే, ఆగ్నేయాసియాది కదా. ఏసీ గాలి నేరుగా తగిలితే మాత్రం దెబ్బతింటుంది.

పేరు వినగానే తేలిక అనిపించి, లోపల పెడితే బతకనివి కూడా కొన్ని ఉన్నాయి. కలబంద, జేడ్, ఎడారి గులాబీగా అమ్మే అడీనియం, రకరకాల కాక్టస్‌లు. ఇవన్నీ బాల్కనీ ఎండ కోరేవి. గదిలో పెడితే వెలుతురు కోసం మెడ సాచి, సన్నబడి, ఒక పక్కకు ఒరిగిపోతాయి. తులసి కూడా అంతే. అది ఎండలో పెరగాల్సిన మొక్క, పైగా ఎండిపోతే ఇంటివాళ్లకు అదో అపశకునపు బెంగ. ఇంటి ముందు ఎండ తగిలే చోటు ఉందని తెలిస్తేనే ఇవ్వాలి.

గాలిని శుభ్రం చేస్తుందా?

అట్ట మీద ‘నాసా గుర్తించిన ఎయిర్ ప్యూరిఫయర్’ అని రాసి అమ్మడం మామూలైపోయింది. దీని మూలం 1989లో నాసా కోసం బి.సి.వుల్వర్టన్ బృందం చేసిన ప్రయోగం. బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి వాయువులను గాలి చొరబడని చిన్న పెట్టెల్లో నింపి, మొక్కలు ఉంచి, 24 గంటల్లో ఎంత తగ్గిందో కొలిచారు. తగ్గిన మాట నిజం. అయితే ఇల్లు మూసిన పెట్టె కాదు. తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి మారుతూనే ఉంటుంది. అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కమింగ్స్, వేరింగ్ 2019లో పాత ప్రయోగాల ఫలితాలన్నీ ఒకే కొలమానంలోకి తెచ్చి చూశారు. మామూలుగా జరిగే ఆ గాలి మార్పిడితో సమానంగా మొక్కలు పనిచేయాలంటే ప్రతి చదరపు మీటరుకూ 10 నుంచి 1,000 దాకా మొక్కలు కావాలని తేలింది. అంత అడవి పెంచితే మనుషులకు చోటుండదు. కిటికీ తెరవడం చవక.

స్నేక్ ప్లాంట్ రాత్రిపూట ఆక్సిజన్ ఇస్తుందన్నది ఇంకో మాట. ఇందులో సగం నిజం ఉంది, అందుకే నమ్మకం కుదురుతుంది. ఎండ ప్రాంతాల మొక్కలు కొన్ని నీటిని కాపాడుకోవడానికి పగలు ఆకు రంధ్రాలు మూసి, రాత్రి తెరుస్తాయి. రాత్రి కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి, ఆమ్లంగా దాచి, తెల్లారాక వెలుతురులో వాడుకుంటాయి. కాక్టస్, కలబంద, అనాస కూడా ఇదే పద్ధతి. ఆక్సిజన్ తయారయ్యేది మాత్రం నీటి అణువును వెలుతురు విడగొట్టినప్పుడే. రాత్రి జరిగేది పీల్చడం, ఇవ్వడం కాదు. పైగా ఒక మనిషి రోజుకు వాడుకునే ఆక్సిజన్ సుమారు 550 లీటర్లు, పడకగదిలో రెండు కుండీలు ఆ లెక్కను అటూ ఇటూ చేయలేవు. చింతచెట్టు కింద రాత్రి పడుకోకూడదన్న భయం ఎంత అతిశయోక్తో, ఇదీ అంతే, కాకపోతే తిరగేసిన అతిశయోక్తి.

కందకున్న దురదే

కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత తెలుగువాళ్లందరికీ తెలుసు. కంద తరిగితే చేతులు దురద పుట్టించేవి కాల్షియం ఆక్సలేట్ సూదులు. చేమ కుటుంబం మొక్కల్లో ఇవి మామూలు. గిఫ్ట్ మొక్కల జాబితాలో ముందుండే మనీ ప్లాంట్, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్, అగ్లోనిమా, డీఫెన్‌బేకియా, ఇవన్నీ కంద చుట్టాలే. పాకే బిడ్డ ఆకు కొరికితే నోరు, నాలుక మండి, వాచి, చొల్లు కారుతుంది. ప్రాణం మీదికి రావడం అరుదు గానీ ఇంటిల్లిపాదినీ కంగారు పెట్టడానికి అది చాలు. నోరు కడిగి, వాపు పెరిగినా మింగడం కష్టమైనా వెంటనే డాక్టరుకు చూపించాలి. అడీనియం మాత్రం వేరే కోవ. అది గన్నేరు కుటుంబం, దాని రసంలో గుండె మీద పనిచేసే విషాలు ఉంటాయి, ఆఫ్రికాలో బాణాలకు పూసేవారు. చిన్నపిల్లలున్న ఇంటికి అది తగదు.

అందుకే బారసాలకు, మొదటి పుట్టినరోజుకు వెళ్లేటప్పుడు స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, పెపరోమియా లాంటివి మేలు. లేదా వామాకు. చిన్న కొమ్మ గుచ్చితే వస్తుంది, కాస్త ఎండ తగిలే కిటికీ చాలు, బజ్జీలకు పనికొస్తుంది. గిఫ్ట్ షాపుల్లో దీన్ని ఎందుకు పెట్టరో అర్థం కాదు, బహుశా మరీ పెరటి మొక్క అని చులకనేమో.

నమ్మకాల సంగతి కూడా ఒక మాట. ముళ్ల మొక్క, పాలు కారే మొక్క ఇంట్లో ఉండకూడదనుకునే కుటుంబాలు చాలా ఉన్నాయి. గృహప్రవేశానికి కాక్టస్ పట్టుకెళ్తే అది ఎంత ఖరీదైనదైనా మెట్ల కిందికే చేరుతుంది. వాస్తును నమ్మాలా వద్దా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు, మొక్క వెలుతురులో ఉంటుందా మెట్ల కింద ఉంటుందా అన్నదే ప్రశ్న.

దోమలు

నీళ్లలో పెంచే మొక్క ఇస్తే దోమల లెక్క కూడా వేసుకోవాలి. డెంగీ దోమ నిలవ ఉన్న మంచినీళ్ల అంచునే గుడ్లు పెడుతుంది. గుడ్డు దోమ కావడానికి మన వాతావరణంలో వారం, పది రోజులు చాలు. 2001లో చైనా నుంచి ఓడల్లో నీళ్లతో సహా కాలిఫోర్నియాకు వెళ్లిన లక్కీ బాంబూతో పాటు ఏషియన్ టైగర్ దోమ కూడా అక్కడ దిగింది. పేరులో లక్కీ ఉన్నంత మాత్రాన అన్నీ కలిసిరావు. అన్నట్టు అది బాంబూ కూడా కాదు, ఆఫ్రికాకు చెందిన డ్రసీనా. సీసాలో మనీ ప్లాంట్ అయినా, కుండీ కింది పళ్లెమైనా వారానికోసారి నీళ్లు పారబోసి, లోపలి అంచు రుద్ది కడగాలి, గుడ్లు అంచుకే అంటుకుని ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో ‘ఫ్రైడే డ్రైడే’ అని ప్రచారం చేసింది ఈ పనినే.

వంద రిటర్న్ గిఫ్టులు

ఒక మొక్క ఇవ్వడానికీ పెళ్లికి వంద మొక్కలు పంచడానికీ తేడా ఉంది. అక్కడ ఏ ఇంటికి ఏది అని ఎంచుకునే వీలుండదు. తీసుకునేవాళ్లలో రైలెక్కేవాళ్లు, బస్సెక్కేవాళ్లు, ఇద్దరు పిల్లల చేతులు పట్టుకుని బయల్దేరేవాళ్లు ఉంటారు. మండపం కుర్చీల కింద మిగిలిపోయేవి ఎక్కువగా బరువైన సిరామిక్ కుండీలే. ఇలాంటప్పుడు చిన్న ప్లాస్టిక్ కుండీలో స్నేక్ ప్లాంట్ పిలకో, మనీ ప్లాంటో నయం, సంచిలో అడ్డంగా పడినా నష్టం తక్కువ.

ఏ నెల అన్నది కూడా చూడాలి. వైశాఖంలో, అంటే మే ఎండల్లో, పార్క్ చేసిన కారులో వేడి 60 డిగ్రీలు దాటగలదు. మండపంలో భోజనం చేసి వచ్చేసరికి వెనక సీటు మీది పీస్ లిల్లీ ఉడికిపోయి ఉంటుంది. శ్రావణం అందుకు నయం. వరలక్ష్మీ వ్రతం వాయనంతో పాటు మొక్క ఇచ్చేవాళ్లకు గాలిలో తేమ కలిసొస్తుంది, కొమ్మలు తొందరగా వేరు పడతాయి. అయితే అదే తేమ వల్ల కుండీ మట్టి ఆరదు, నీళ్లు ఇంకా తగ్గించి పోయాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ల మధ్య ఇచ్చిపుచ్చుకునే మొక్కల్లో ముందుండేది కరివేపాకు. అది ఇండోర్ మొక్క కాకపోయినా చలికాలమంతా లోపలే గడపాలి. అమెరికాలో దీనికో అడ్డంకి ఉంది. నిమ్మజాతి తోటలను నాశనం చేసే తెగులును మోసే ఒక పురుగుకు కరివేపాకు ఇష్టమైన ఆకు. అందుకే ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి చోట్ల క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఈ మొక్కను బయటికి తీసుకెళ్లడం మీద ఆంక్షలు ఉన్నాయి. ఇక్కడి నుంచి సూట్‌కేసులో మట్టితో సహా పట్టుకెళ్దామన్న ఆలోచన విమానాశ్రయంలోనే ఆగిపోతుంది.

కొన్న మొక్కా, తుంచిన కొమ్మా

నర్సరీ మొక్కకూ ఇంట్లో పెరిగిన మొక్క నుంచి తుంచిన కొమ్మకూ మధ్య ఒక తేడా ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నర్సరీ మొక్క గ్రీన్‌నెట్ వెలుతురుకు, రోజూ పడే తుంపర్లకు, క్రమంగా వేసే ఎరువుకు అలవాటు పడి వస్తుంది. ఇంట్లో రెండేళ్లుగా ఉన్న మనీ ప్లాంట్ కొమ్మ అదే ఊరి నీళ్లకు, అదే ఎండాకాలానికి, ట్యూబ్‌లైట్ వెలుతురుకు తట్టుకున్న తల్లి నుంచి వస్తుంది. స్పైడర్ ప్లాంట్ పిల్లలు, స్నేక్ ప్లాంట్ పిలకలు కూడా అంతే. గృహప్రవేశం తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి నెలన్నర ముందు కణుపు కింద తుంచి, నీళ్లలో వేరు రానిచ్చి, రంధ్రమున్న కుండీలోకి మార్చుకోవచ్చు. కుండీకి ఒక చీటీ కట్టి, ‘వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటేనే నీళ్లు’ అని రాస్తే సరిపోతుంది. ఒకవేళ అక్కడ అది పోయినా తల్లి మొక్క ఇంకా ఇంట్లోనే ఉంటుంది, ఇంకో కొమ్మ తుంచి పంపవచ్చు.